గుండ్రటి వస్తువుల మీద లేజర్ రాత వంకరపోకుండా రోటరీని అమర్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

మన ఇళ్లలో స్టీలు సామాను మీద ఎవరో ఒకరి పేరు ఉండాల్సిందే. పెళ్లికి పెట్టిన బిందె మీద మేనమామ పేరు, గృహప్రవేశానికి వచ్చిన గిన్నె మీద తారీఖు. పాత్రల కొట్టులో బుర్రుమనే కరెంటు పెన్ను పట్టుకుని చేతిరాతతో చెక్కి ఇచ్చేవారు. ఆ రాత కాస్త పక్కకు ఒరిగినా ఎవరూ అడిగేవారు కాదు. లేజర్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. అక్షరం అచ్చులో వేసినట్టు ఉంటుంది కాబట్టి ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా కొనేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో డజన్ల లెక్కన బాటిళ్లు కొని, ఓణీల ఫంక్షన్‌కో పంచెల ఫంక్షన్‌కో రిటర్న్ గిఫ్టుగా పిల్లల పేర్లు వేయించుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. అన్నీ ఒకే వరసలో పెట్టి చూస్తారు. అప్పుడు తేడా ఇంకా బాగా కనిపిస్తుంది.

లేజర్ మెషీన్, దాని కింద గుండ్రటి వస్తువును తిప్పే రోటరీ రెండూ కొనుక్కుని కూడా పేరు వంకరపోతోందనీ సాగుతోందనీ చుట్టూ వేసిన బోర్డరు కొసలు కలవడం లేదనీ ఇబ్బంది పడేవాళ్ల కోసం ఇది. ముందే ఒక మాట. ఇందులో ప్రతి తప్పుకూ దాని ముఖం దానికి ఉంటుంది. గీత ఏటవాలుగా పడితే ఒక కారణం, అక్షరం పొట్టిగా వస్తే వేరే కారణం, ప్రతిసారీ ఒక్కోలా వస్తే మూడోది. అది చూడకుండా సాఫ్ట్‌వేర్‌లో అంకెలు మార్చుకుంటూ పోతే సాయంత్రం అవుతుంది గానీ పేరు నిలబడదు.

ముందు మీ దగ్గరున్నది ఏ రోటరీ?

రెండు రకాలు. రోలర్ రోటరీలో వస్తువు రెండు రోలర్ల మీద పడుకుంటుంది. రోలర్లు తిరిగితే రాపిడితో అదీ తిరుగుతుంది. చక్ రోటరీలో మూడు దవడలు వస్తువును బయటి నుంచో లోపలి నుంచో పట్టుకుని తిప్పుతాయి.

ఈ తేడా గట్టిగా గుర్తుంటే సగం గందరగోళం పోతుంది. రోలర్ ఒక మిల్లీమీటరు తిరిగితే దాని మీదున్న వస్తువు ఉపరితలం కూడా ఒక మిల్లీమీటరే కదులుతుంది, వస్తువు లావైనా సన్నమైనా. అంటే రోలర్‌కు ఒకసారి సైజు సరిచేసుకుంటే ప్రతి బాటిల్‌కూ డయా (వ్యాసం) మార్చాల్సిన పని లేదు. చక్ అలా కాదు. అది తిప్పేది కోణం. ఒకే కోణానికి లావు వస్తువు మీద ఎక్కువ దూరం, సన్న వస్తువు మీద తక్కువ దూరం కదులుతుంది. కాబట్టి చక్‌లో వస్తువు మారిన ప్రతిసారీ డయా కొలిచి ఇవ్వాలి.

నిటారుగా ఉండే బాటిళ్లు, గ్లాసులు, అప్పడాల కర్రలకు రోలర్ హాయి. పెన్నులు, కంకణాలు, చెవి ఉన్న కప్పులు, కిందికి సన్నబడే టంబ్లర్లకు చక్ మేలు. ఒక్కటే కొనే స్తోమత ఉంటే నా ఓటు చక్‌కే. మరచెంబు, చెంబు లాంటి బొజ్జ ఆకారాలకు రెండూ అంతంత మాత్రమే. బొజ్జ మధ్యలో సన్నటి పట్టీ వరకే ఫోకస్ నిలుస్తుంది, ఒక వరస పేరుతో సరిపెట్టుకోవాలి.

ఇంకో సంగతి, చిన్న లోగోకు అసలు రోటరీ అవసరమా? 70 మి.మీ. డయా బాటిల్ మీద 20 మి.మీ. వెడల్పు లోగో వేస్తే అంచులు నడినెత్తి కంటే 1.46 మి.మీ. దిగువన ఉంటాయి. 30 మి.మీ. వెడల్పుకు అది 3.38 మి.మీ. మొదటిదాన్ని చాలా లెన్సులు భరిస్తాయి. రెండోదానికి అంచుల్లో మసక మొదలవుతుంది. మొదటి రకం పనికి బాటిల్‌ను కదలకుండా పడుకోబెట్టి వేసేయొచ్చు.

కేబుల్ మార్చే ముందు

చాలా డయోడ్, సీఓటూ రకం లేజర్ మెషీన్లలో వై మోటారు (తలను ముందుకూ వెనక్కూ నడిపేది) కేబుల్ ఊడదీసి ఆ చోట రోటరీ కేబుల్ పెడతాం. ఈ పని మెషీన్ కరెంటు పూర్తిగా ఆపిన తర్వాతే చేయాలి. కరెంటు ఉండగా స్టెప్పర్ మోటారు (అడుగు అడుగుగా తిరిగేది) పీకితే దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్ కాలిపోవచ్చు.

ఆన్ చేయగానే దానంతటదే హోమింగ్‌కు (చివరనున్న స్విచ్ తగిలేదాకా వెళ్లి మొదటి చోటు గుర్తించడం) వెళ్లే మెషీన్ అయితే ఆ ఆటో హోమింగ్ ఆపేయండి. రోటరీకి అలాంటి స్విచ్ ఏదీ లేదు, అది స్విచ్ కోసం వెతుకుతూ తిరుగుతూనే ఉంటుంది.

కళ్లద్దాల విషయంలో బేరం వద్దు. 450 నానోమీటర్ల డయోడ్‌కు ఇచ్చిన అద్దాలు 1064 నానోమీటర్ల ఫైబర్ లేజర్‌కు పనికిరావు. పైగా బల్లపరుపు ప్లేటు కాంతిని ఒక వైపుకే తిప్పికొడుతుంది, మెరిసే గుండ్రటి స్టీలు మాత్రం నలుమూలలకూ చిమ్ముతుంది. రోటరీ పెట్టడం కోసం మూత తీసి పనిచేసేవాళ్లకు ఇది రెట్టింపు ప్రమాదం. పౌడర్ కోటింగ్ కాలిన పొగ బయటికి పోయే దారి ఉండాలి. పీవీసీ, వినైల్ తొడుగు ఉన్నదాన్ని అసలు కాల్చకూడదు, క్లోరిన్ విషవాయువులు వస్తాయి.

రోటరీని తిన్నగా కూర్చోబెట్టడం

ఏటవాలు రాతకు మూలం దాదాపు ఎప్పుడూ ఇక్కడే. లేజర్ తల ఎడమ నుంచి కుడికి నడిచే దారి, వస్తువు తిరిగే ఇరుసు ఈ రెండూ సమాంతరంగా ఉండాలి. రోటరీని మెషీన్ ఫ్రేముకు ఆనించి స్కేలుతో కొలిస్తే చాలనుకుంటారు. ఆ ఫ్రేమే తిన్నగా ఉందని ఎవరు చెప్పారు? తలతోనే కొలవండి.

కేబుల్ ఇంకా మార్చకముందు, వై మోటారు పనిచేస్తుండగా, రోటరీని బల్ల మీద పెట్టండి. లేజర్ పాయింటర్ చుక్కనో, అతి తక్కువ పవర్‌లో వచ్చే చుక్కనో రోలర్ కడ్డీ అంచు మీద ఎడమ చివర పడేలా తెచ్చుకోండి. అక్కడి నుంచి ఎక్స్‌ను (ఎడమ కుడి కదలికను) మాత్రమే కదుపుతూ కుడి చివరకు వెళ్లండి. చుక్క అదే అంచు మీద ఉందా? తప్పుకుంటే రోటరీ ఆ కొసను కొద్దిగా జరిపి మళ్లీ ఎడమ నుంచి మొదలుపెట్టండి. రెండు కొసల్లో చుక్క ఒకే అంచు మీద నిలిచేదాకా ఇంకో పని ముట్టుకోవద్దు. చక్ అయితే దవడల్లో తిన్నటి గుండ్రటి రాడ్డు బిగించి దాని మీద ఇదే పరీక్ష. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులో అడిగినా 20 మి.మీ. రాడ్డు ముక్క తిన్నగా తరిగి ఇస్తారు. అది పెట్టుకుంటే జీవితాంతం పనికొస్తుంది.

సరిపోయిన చోట రోటరీ కాళ్ల చుట్టూ బల్ల మీద గుర్తులు పెట్టుకోండి. ఇంకా మంచిది, రెండు చెక్క ముక్కలు బిగించేయండి. రేపు తీసి మళ్లీ పెట్టేటప్పుడు ఈ పని మొత్తం తప్పుతుంది.

చక్ వాడేవాళ్లకు ఇంకో పరీక్ష ఉంది. వస్తువు బిగించాక దాని చివర దగ్గర పెన్సిల్ మొనను కదలకుండా ఆనించి, చేత్తో వస్తువును ఒక చుట్టు తిప్పండి. మొనకూ వస్తువుకూ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే వస్తువు ఊగుతోందన్నమాట. అర మిల్లీమీటరు దాటితే వదులు చేసి, వస్తువును దవడల్లో కాస్త తిప్పి మళ్లీ బిగించండి. ఇంకా ఊగితే ఒక దవడ కింద టేపు ముక్క వేయండి.

నడినెత్తి, ఫోకస్

కిరణం వస్తువు నడినెత్తిన పడాలి. దాన్ని పట్టుకునే సులువైన దారి ఇది. కేబుల్ మార్చకముందే చుక్కను వస్తువు ముందు అంచు దాకా తెచ్చి, సరిగ్గా జారి కింద పడే చోట వై అంకె రాసుకోండి. వెనక అంచు దాకా తీసుకెళ్లి అక్కడా రాసుకోండి. రెండింటి సగమే నడినెత్తి. తలను అక్కడికి తెచ్చి, కరెంటు ఆపి, కేబుల్ మార్చండి. ఇక వై పట్టా మోటారు పట్టులో ఉండదు కాబట్టి చేయి తగిలితే జరిగిపోతుంది. ఒక క్లిప్పుతో బిగించి ఉంచడం మంచిది.

దీని గురించి ఎంత టెన్షన్ పడాలన్నది వస్తువు లావును బట్టి ఉంటుంది. 70 మి.మీ. బాటిల్ మీద 5 మి.మీ. పక్కకు పడినా ఎత్తులో తేడా 0.36 మి.మీ. మాత్రమే, కిరణం 8 డిగ్రీల ఏటవాలుగా తగులుతుంది. దాదాపు తెలియదు. 10 మి.మీ. పెన్ను మీద ఒకటిన్నర మిల్లీమీటరు తప్పినా కిరణం 17 డిగ్రీలు ఒరిగిపోతుంది, చెక్కుడు ఒక వైపు లోతుగా ఇంకో వైపు పలచగా వస్తుంది. బాటిల్‌కు ఇరుసు తిన్నగా ఉండటం ముఖ్యం, పెన్నుకు నడినెత్తి ముఖ్యం.

తర్వాత పైగీత మట్టం. తలను బాటిల్ మూతి దగ్గరికి, అడుగు దగ్గరికి తీసుకెళ్లి రెండు చోట్లా ఫోకస్ కొలత ముక్క పెట్టి చూడండి. తేడా ఉంటే రోటరీ ఒక కొసను ఎత్తుకోవాలి. డిజైన్ మధ్య భాగం దగ్గరే ఫోకస్ ఖాయం చేసుకోండి. అలాగే చల్లగాలి గొట్టం, నాజిల్ వస్తువుకు తగలకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడిపి చూడండి.

సైజు సరిచేయడం

ఓపిక ఎక్కువ కావాల్సింది ఇక్కడే. ముందు లెక్క చూద్దాం. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్‌లో ఒక్కో అడుగును 16 మైక్రోస్టెప్పులుగా విడగొడితే 3,200. మధ్యలో మూడింతలు తగ్గించే బెల్టు ఉంటే 9,600. రూయిడా లాంటి కంట్రోలర్‌కు ఈ అంకెనే ఇస్తాం. జీఆర్‌బీఎల్ అనే కంట్రోలర్ ప్రోగ్రాం మీద నడిచే మెషీన్లలో మాత్రం లైట్‌బర్న్ (లేజర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఒక చుట్టుకు ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతుంది. మెషీన్ సెట్టింగుల్లో 101వ నంబరు దగ్గర వై యాక్సిస్‌కు మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో ఉంటుంది. అది 80 అయితే, బెల్టు లేని రోటరీకి 3,200 ÷ 80 = 40. అదే మీరు వేయాల్సిన అంకె. రోలర్ డయా 20 మి.మీ. అయితే దాని చుట్టుకొలత 62.83 మి.మీ. అని సాఫ్ట్‌వేరే లెక్కేసుకుంటుంది.

లైట్‌బర్న్‌లో లేజర్ టూల్స్ మెనూలో రోటరీ సెటప్ ఉంది. రోలరా చక్కా ఎంచుకుని, పై అంకెలు వేసి, టెస్ట్ నొక్కితే వస్తువు ఒక పూర్తి చుట్టు తిరిగి, కాసేపు ఆగి, వెనక్కి వస్తుంది. వస్తువు మీద పెన్సిల్ గీత పెట్టి చూస్తే లెక్క దారిలో పడిందో లేదో తెలుస్తుంది. రోలర్‌కు డిజైన్ సైజు కోసం వస్తువు డయా అక్కర్లేదన్నాను, ఈ టెస్ట్‌కు మాత్రం కావాలి.

కంటి అంచనాతో ఆగిపోవద్దు. తెల్ల కాగితం పట్టీ బాటిల్ చుట్టూ బిగుతుగా చుట్టి టేపు వేయండి. చుట్టు దిశలో సరిగ్గా 150 మి.మీ. ఎడంతో రెండు సన్న గీతలు, వాటి మధ్య 40 మి.మీ. వృత్తం ఒకటి వేయండి. కాగితం విప్పి బల్ల మీద పరిచి స్టీలు స్కేలుతో కొలవండి. వృత్తం రెండు దిక్కులా 40 ఉండాలి. గీతల ఎడం 150కి బదులు 144 వచ్చిందనుకోండి, పాత అంకెను 150 ÷ 144తో గుణించండి. 40 కాస్తా 41.67 అవుతుంది. మళ్లీ కొత్త కాగితం, మళ్లీ కొలత. కొలిచే దూరం ఎంత ఎక్కువైతే స్కేలు తప్పు అంత తక్కువ, అందుకే 20 మి.మీ. చతురస్రం వేసి సరిచేసుకునే పద్ధతి నాకు నచ్చదు.

చక్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. కాగితం మందం 0.1 మి.మీ. ఉన్నా డయా 0.2 పెరుగుతుంది, చుట్టుకొలత 0.63 మి.మీ. పెరుగుతుంది. పరీక్షకు కాగితంతో సహా కొలిచిన డయా వేసి, అసలు పనికి కాగితం లేని డయా వేయండి. రోలర్‌కు ఈ గొడవ లేదు.

ఒకవేళ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడితే రోటరీ ఎదురు దిశలో తిరుగుతోందని అర్థం. డిజైన్‌ను మిర్రర్ చేయకండి, రోటరీ సెటప్‌లోనే దిశ మార్చండి. లేకపోతే రేపు ఇంకో ఫైలు తెరిచినప్పుడు మళ్లీ అదే తలనొప్పి.

లెక్క తప్పా, జారుడా?

ఒకే పరీక్ష రెండు మూడుసార్లు వేసి కొలిస్తే ఇది తేలిపోతుంది. ప్రతిసారీ 144 వస్తే లెక్క తప్పు, అంకె మారిస్తే పోతుంది. ఒకసారి 144, ఇంకోసారి 147, మరోసారి 141 వస్తే వస్తువు రోలర్ల మీద జారుతోంది. ఏ అంకె మార్చినా అది పోదు. మూడో రకం కూడా ఉంది. వెళ్లేటప్పుడు బాగానే ఉండి, దిశ మార్చి తిరిగొచ్చేటప్పుడు మాత్రం గీత కలవకపోతే బెల్టు వదులుగా ఉంది, లేదా పుల్లీ స్క్రూ వదులైంది.

జారుడుకు మొదటి మందు శుభ్రత. మే నెలలో విజయవాడ ఎండకు చేతులు చెమటతో జిడ్డోడుతుంటాయి, అదే చేత్తో బాటిల్ పట్టుకుంటాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాటిల్‌నూ రోలర్లనూ తుడవండి. బరువు తక్కువ ఉన్న అల్యూమినియం బాటిల్‌కు లోపల నిండుగా బియ్యం పోసి మూత పెట్టండి. నీళ్లు సగం పోస్తే అవి లోపల ఊగి ఇంకా చెడగొడతాయి. రోలర్ల మీద రబ్బరు రింగులు పాతబడి నున్నగా అయితే మార్చేయండి.

రెండో మందు కదలికలో ఉంది. ఫిల్ (అక్షరం లోపలి భాగాన్ని గీతలతో నింపడం) చేసేటప్పుడు స్కాన్ కోణం సున్నా ఉంచండి. అంటే తల బాటిల్ పొడవునా ఎడమ కుడికి పరిగెడుతుంది, బాటిల్ మాత్రం ఒక్కో గీతకూ 0.1 మి.మీ. చొప్పున మెల్లగా జరుగుతుంది. 90 డిగ్రీలు పెడితే బరువైన బాటిలే ముందుకూ వెనక్కూ ఊగాలి, జారక ఏం చేస్తుంది? అక్షరాల అంచు గీత వేసే పనుల్లో ఇది తప్పదు కాబట్టి అక్కడ వేగం, యాక్సిలరేషన్ బాగా తగ్గించండి.

వస్తువు మీద ఆధార గీతలు

మెషీన్ తిన్నగా ఉంది, సైజు సరిపోయింది. పేరు బాటిల్ మీద ఎక్కడ పడాలన్నది ఇంకా తేలలేదు. దానికి కాగితం పట్టీని మించిన పరికరం లేదు. సన్న పట్టీని బాటిల్ చుట్టూ చుట్టి, కొస కలిసే చోట గుర్తు పెట్టి, విప్పితే అసలు చుట్టుకొలత చేతిలో ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే సరిగ్గా ఎదురు వైపు, మళ్లీ సగానికి మడిస్తే పావు. మళ్లీ చుట్టి ఆ మడతల దగ్గర బాటిల్ మీద గుర్తులు పెట్టేయొచ్చు. కాలిక్యులేటర్ అక్కర్లేదు.

నిలువు గీతకు అల్యూమినియం ఎల్ యాంగిల్ ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. పార్టిషన్ పనిచేసే షాపుల్లో తుక్కులో దొరుకుతుంది. దాన్ని బాటిల్ మీద బోర్లిస్తే రెండు అంచులూ వాటంతటవే బాటిల్ ఇరుసుకు సమాంతరంగా కూర్చుంటాయి. అంచు వెంబడి గీస్తే తిన్నటి గీత. ఇది నిటారు బాటిళ్ల వరకే. అడ్డ గీతకు బాటిల్‌ను గ్రానైట్ గట్టు మీద నిలబెట్టి, పెన్సిల్‌ను చెక్క ముక్క మీద కదలకుండా ఆనించి బాటిల్‌ను తిప్పండి. గీతలన్నీ బాటిల్ మీద కాకుండా మాస్కింగ్ టేపు మీద గీస్తే చెరపడం సులువు.

ఇక సాఫ్ట్‌వేర్‌లో మొదలయ్యే చోటు. అబ్సల్యూట్ కోఆర్డినేట్లు (బల్ల మూల నుంచి కొలిచే చోటు) రోటరీకి పనికిరావు, తల ఎక్కడికో పోతుంది. కరెంట్ పొజిషన్ (తల ఇప్పుడున్న చోటు) ఎంచుకుని, జాబ్ ఆరిజిన్‌ను, అంటే డిజైన్‌లో ఆ చోట పడే బిందువును, మధ్య చుక్కకు పెట్టండి. అప్పుడు మీరు టేపు మీద గీసిన ప్లస్ గుర్తు మీద చుక్కను తెస్తే చాలు, డిజైన్ మధ్యభాగం సరిగ్గా అక్కడే పడుతుంది. ఫ్రేమ్ నొక్కి (కాల్చకుండా డిజైన్ హద్దు వెంబడి నడిపేది) మెల్లగా ఒక చుట్టు తిప్పించి, చుక్క తిరిగి ప్లస్ మీదికే వచ్చిందో లేదో చూడండి. రాకపోతే జారింది. కాల్చక ముందే తెలియడం మంచిదే కదా.

డిజైన్ తిప్పడం, తెలుగు అక్షరాల చిక్కు

నిలబెట్టిన బాటిల్ మీద పేరు చుట్టూరా అడ్డంగా చదవాలంటే, బాటిల్ పడుకుని ఉంటుంది కాబట్టి తెర మీద పేరును 90 డిగ్రీలు తిప్పాలి. ఎటు? బాటిల్ మూతి ఎడమ వైపు ఉంటే అక్షరాల తల కూడా ఎడమకే ఉండాలి. కుడి వైపు ఉంటే కుడికి. ఈ ఒక్క వాక్యం మెషీన్ మీద అంటించుకోండి. పేరు బాటిల్ పొడవునా నిలువుగా పారాలంటే తిప్పాల్సిన పనే లేదు.

వెడల్పు విషయానికొస్తే, 70 మి.మీ. బాటిల్ చుట్టుకొలత దాదాపు 220. ముందు నుంచి చూస్తే సగం అంటే 110 కనిపించాలి, కానీ పక్కలు ఒరిగిపోయి అక్షరాలు నలిగినట్టు ఉంటాయి. మూడో వంతు, 73 మి.మీ. దాటనీయకపోతే పేరు ఒక్క చూపులో చదవొచ్చు.

ఇంగ్లిషు పేరుకు లేని చిక్కు ఒకటి తెలుగు పేరుకు ఉంది. "రమ" అని రాస్తే కిందికి ఏమీ దిగదు. "లక్ష్మి", "కృష్ణ" అని రాస్తే వత్తులు కిందికి వేలాడతాయి, గుడి పైకి లేస్తుంది. సాఫ్ట్‌వేర్ మధ్య అని లెక్కించేది ఆ మొత్తం పెట్టెను. కాబట్టి వత్తు ఉన్న పేరు అసలు అక్షరాలు పైకి జరిగి కూర్చుంటాయి. ఒక్క బాటిల్‌కు పర్వాలేదు. ఒకే ఇంటి పిల్లల బాటిళ్లు నాలుగు పక్కపక్కన పెడితే ఒకటి ఎక్కి ఒకటి దిగి కనిపిస్తాయి. పెట్టె మధ్యను కాకుండా అక్షరాల పాదాలు నిలిచే గీతను ఆధారం చేసుకోండి. లైట్‌బర్న్‌లో టీ1, టీ2 అనే టూల్ లేయర్లు ఉన్నాయి, వాటి మీద గీసింది కాలదు. అందులో ఒక పాదరేఖ, ఒక మధ్యగీత గీసి పెట్టుకుని ప్రతి పేరునూ దాని మీదే నిలబెట్టండి. ఇలా చేసేటప్పుడు మధ్య చుక్క మళ్లీ మారకుండా, అన్ని ఫైళ్లలో ఆరిజిన్‌ను పేరు మూలకు కాకుండా ఒకే కొలత ఉన్న పెట్టెకు కట్టాలి. దానికి సులువు మార్గం, ఆ పెట్టె నాలుగు మూలలా అతి తక్కువ పవర్‌తో నాలుగు చుక్కలు పెట్టడం. మాస్కింగ్ టేపు మీద పడి టేపుతో పాటే పోతాయి.

డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే ఫైళ్లు చాలావరకు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కర్వ్స్‌గా (అక్షరాలను బొమ్మ గీతలుగా) మార్చి పంపమనండి. యూనికోడ్‌లో మీరే టైపు చేస్తే, వత్తులు విడిపోతున్నాయనిపించిన చోట ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రాసి, పాత్‌గా (గీతలుగా) మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా తెచ్చుకోండి. మరీ చిన్న అక్షరాలు వద్దు. ఆరేడు మిల్లీమీటర్ల కంటే ఎత్తు తగ్గితే వత్తు లోపలి ఖాళీ పూడుకుపోయి మచ్చలా కనిపిస్తుంది.

కిందికి సన్నబడే టంబ్లర్

ఇక్కడ చాలామంది చేతులెత్తేస్తారు. పైన 82, అడుగున 66 మి.మీ. డయా, 160 మి.మీ. ఎత్తు ఉన్న టంబ్లర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. సమానంగా ఉన్న రోలర్ల మీద పెడితే దాని పైగీత ఒక కొస నుంచి ఇంకో కొసకు దాదాపు 16 మి.మీ. వాలుతుంది. సన్న కొసను అంత ఎత్తాలి. చక్‌లో అయితే ఇరుసు మట్టంగా ఉంటుంది కాబట్టి వాలు 8 మి.మీ., చక్‌ను వంచి సరిచేయాలి.

రోలర్ మీద ఇంకో చిక్కు. గరాటును నేల మీద దొర్లిస్తే తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. టంబ్లర్ కూడా అలాగే పక్కకు నడవాలని చూస్తుంది. లావు కొస మాత్రమే తిప్పే రోలర్ మీద ఉండేలా, సన్న కొస స్వేచ్ఛగా తిరిగే చిన్న చక్రాల మీద ఉండేలా అమర్చండి. అడుగున ఒక అడ్డు పలక పెట్టండి.

ఇప్పుడు సైజు. రోలర్ 82 దగ్గర తిప్పుతోంది, పేరు పడేది 74 ఉన్న నడుమ దగ్గర. రోలర్ 100 మి.మీ. తిరిగితే నడుమ దగ్గర 90 మాత్రమే కదులుతుంది. పేరు నొక్కుకుపోయినట్టు వస్తుంది. చుట్టు దిశలో డిజైన్‌ను 82 ÷ 74, అంటే 1.108 రెట్లు సాగదీస్తే సరిపోతుంది. చక్‌లో ఇంత అక్కర్లేదు, డిజైన్ మధ్యలో ఉన్న 74 డయానే ఇవ్వండి.

అక్షరం తలకూ పాదానికీ వచ్చే తేడా మాటేమిటి? ఈ టంబ్లర్ మీద 15 మి.మీ. ఎత్తు పేరుకు అటూ ఇటూ ఒక్క శాతం తేడా. ఎవరికీ కనిపించదు, వదిలేయండి. 60 మి.మీ. ఎత్తు బొమ్మకు అది నాలుగు శాతం దాకా పోతుంది, వృత్తం గుడ్డులా తెలుస్తుంది. అలాంటప్పుడే సన్నబడే ఆకారానికి తగ్గట్టు బొమ్మను వంచే లైట్‌బర్న్‌లోని టేపర్ వార్ప్ లాంటి సాధనం అవసరం.

ఎదురు వైపు, చెవి ఉన్న కప్పు, చుట్టూ బోర్డరు

రెండు వైపులా పేర్లు వేయాలంటే బాటిల్‌ను చేత్తో తిప్పి రెండోది వేయకండి. ఒకే ఫైలులో రెండు పేర్లనూ సగం చుట్టుకొలత ఎడంగా పెట్టి ఒకే పనిగా నడపండి. కాగితం పట్టీతో కొలిచిన అంకెనే వాడండి, బాటిల్ పెట్టె మీద రాసి ఉన్నది కాదు.

కప్పు చెవిని నేలకు సమాంతరంగా పక్కకు చూసేలా బిగిస్తే నడినెత్తిన ఉండేది కప్పు ముఖం. పేరు కుడిచేత్తో తాగేవాళ్లకు కనిపించాలా, ఎదురుగా కూర్చున్నవాళ్లకా అని ముందే అడగండి, చెవి దిశ దాన్ని బట్టి మారుతుంది. ఎంత తిరిగినా చెవి తలకు తగలదని కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పి చూడండి.

చుట్టూ తిరిగే బోర్డరును సరిగ్గా చుట్టుకొలతకు కాకుండా 0.2 మి.మీ. ఎక్కువగా చేయండి. కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే కనిపించదు, సన్న గీత ఖాళీ ఉంటే మాత్రం అక్కడే కన్ను ఆగుతుంది. అతుకు పేరుకు ఎదురు వైపు వచ్చేలా మొదలుపెట్టండి.

ఒకేసారి ఎక్కువ ముక్కలు

మొదటి బాటిల్ సరిగ్గా వచ్చాక దాని అడుగు తగిలే చోట చెక్క అడ్డు బిగించేయండి. పొడవు దిశ ఖాయమైంది. చుట్టు దిశకు కంపెనీ లోగో మధ్య నుంచి ఎల్ యాంగిల్‌తో గీత దించి, ఎదురు వైపు గుర్తు పెట్టుకుని, ఆ గీతను చుక్క కిందికి తేవడమే. కరెంటు పోయే రోజుల్లో పని మొదలుపెట్టే ముందు బాటిల్ మీద, పక్కన రోటరీ ఫ్రేము మీద ఎదురెదురుగా ఒక చిన్న గీత గీసి పెట్టండి. మధ్యలో ఆగిపోతే రెండు గీతలూ కలిపి మళ్లీ మొదటి చోటికి రావొచ్చు. యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది.

ఫైబర్ గాల్వో వాడేవాళ్లకు

మెరిసే స్టీలు, ఇత్తడి, రాగి మీద నేరుగా వేయాలంటే ఫైబర్ లేజర్ మేలు. గాల్వోలో తల కదలదు, అద్దాలు కిరణాన్ని తిప్పుతాయి. డిజైన్‌ను సన్న పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ వేసి, వస్తువును తిప్పి తర్వాతిది వేస్తుంది. ఈ మెషీన్లను నడిపే ఈజీక్యాడ్ సాఫ్ట్‌వేర్ వస్తువు డయా, స్ప్లిట్ సైజు (పట్టీ వెడల్పు) రెండూ అడుగుతుంది. 70 మి.మీ. బాటిల్‌కు 2 మి.మీ. పట్టీ పెడితే అంచు వాలు 0.014 మి.మీ. మాత్రమే. పట్టీల మధ్య నల్లగీత కనిపిస్తే సైజు ఎక్కువై పట్టీలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, తెల్లగీత కనిపిస్తే తక్కువై విడిపోతున్నాయి. అంటే డయా అంకెనో, చుట్టుకు పల్సుల (మోటారు అడుగుల) అంకెనో సరిచేయాలి. ఇక్కడ కూడా ఒకే రకంగా వచ్చే తప్పు లెక్కది, మారుతూ వచ్చేది చక్ పట్టుది.

పని అయ్యాక బాటిల్ తీసే ముందే టేపు పైనుంచి రాతను ఒకసారి చూసుకోండి. ఎక్కడైనా పలచగా పడితే, కదపకుండా ఉన్నంతసేపూ రెండోసారి అదే గీత మీద వేయొచ్చు. తర్వాత కరెంటు ఆపి, వై కేబుల్ యథాస్థానంలో పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో రోటరీ ఆఫ్ చేసి, ఆటో హోమింగ్ తిరిగి పెట్టండి. రోటరీ ఆన్‌లోనే ఉండి మరుసటి రోజు పలక మీద పని మొదలుపెడితే బొమ్మ ఒక దిక్కున సాగి వస్తుంది.